కోరంగి ఉప్పెన: మూడు లక్షల మాట

ప్రపంచంలో ఇంతవరకు సంభవించిన ఘోర తుపానుల పట్టిక ఎక్కడ అచ్చయినా, మొదటి వరుసలోనే కోరంగి పేరు కనబడుతుంది. 1839 నవంబరులో గౌతమీ ముఖద్వారం దగ్గరి ఈ రేవు మీదికి నలభై అడుగుల అల వచ్చిందనీ, మూడు లక్షల మంది చనిపోయారనీ, ఇరవై వేల ఓడలూ పడవలూ నాశనమయ్యాయనీ ఆ పట్టికలు చెబుతాయి. అవే మాటలు తెలుగులోకి దిగి, ఆదివారం అనుబంధాల్లోనూ సభల్లోని ఉపన్యాసాల్లోనూ స్థిరపడి, చివరికి తాళ్లరేవు, చొల్లంగి, యానాం పరిసరాల్లో పెద్దలు పిల్లలకు చెప్పే ఊరి కథలో భాగమయ్యాయి. ఉప్పెన స్మారకంగా ఒక రాయి పాతాలన్న మాట వచ్చినప్పుడల్లా దానిమీద చెక్కవలసిన మొదటి అంకెగా మూడు లక్షలనే అందరూ తలుస్తారు. ఆ అంకె కోరంగిది కాదు.

అది కలకత్తాది. 1737 అక్టోబరులో హుగ్లీ నది ముఖాన వచ్చిన తుపానును గురించి మరుసటి ఏడు లండనులోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ ప్రచురించిన వార్తలో నది నలభై అడుగులు పొంగిందనీ, ఇరవై వేల నావలు పోయాయనీ, మూడు లక్షల మంది మరణించారనీ ఉంది. అలా వచ్చిన ఆ మూడు అంకెలూ అదే జతగా, ఒక్కటి కూడా మారకుండా నూరేళ్ల తరువాతి కోరంగి తుపానుకు అంటుకోవడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. ఎవరో ఒక సంకలనకర్త బంగాళాఖాతపు తుపానులను ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోతున్నప్పుడు పై వరుసలోని అంకె కింది వరుసలోకి జారి ఉంటుంది, తరువాత వచ్చినవారు మూలం చూడకుండా ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటూ వచ్చి ఉంటారు. విచిత్రమేమంటే కలకత్తాకు కూడా ఆ అంకె నిలవలేదు. రోజర్ బిల్హామ్ అనే భూకంప శాస్త్రవేత్త 1994లో ఈస్టిండియా కంపెనీ కాగితాలను పరిశీలించి, అప్పటి కలకత్తా జనాభాయే ఇరవై వేల ప్రాంతమనీ, కంపెనీ ఉద్యోగులు పైవారికి పంపిన లెక్క మూడు వేలేననీ చూపాడు. కన్నవారే కాదన్న బిడ్డను కోరంగి పెంచుకుంటున్నదన్నమాట.

గోదావరి జిల్లా లెక్కలు కూడా మూడు లక్షల మాటకు సాక్ష్యం చెప్పవు. నాటి రాజమండ్రి జిల్లాలో, అంటే కోరంగి, ఇంజరం, నీలపల్లి చేరి ఉన్న పాత జిల్లాలో, 1821లో తీసిన జనాభా 7,38,308. 1841లో తీసినది 5,61,041. ఇరవై ఏళ్లలో తగ్గినది మొత్తం 1,77,267. ఆ ఇరవై ఏళ్లలోనే 1830ల కరువుంది, రైతులు ఊళ్లు విడిచి పోవడముంది, సర్ హెన్రీ మాంట్‌గమెరీ 1844 నివేదికలో జిల్లా క్షీణతకు చెప్పిన పాలనా లోపాలున్నాయి. ఇన్ని కారణాలూ కలిసి తగ్గించినదే లక్షా డెబ్బై ఏడు వేలైనప్పుడు, 1839లో ఒక్క రాత్రి మూడు లక్షల మంది ఎలా పోతారు? నాటి జనాభా లెక్కలు కరణాల నోటిమాట మీద ఆధారపడినవనీ, అంత గట్టివి కావనీ ఆక్షేపించవచ్చు, ఆక్షేపణ న్యాయమే. అయితే లెక్క పది పాళ్లు అటూ ఇటూ అయినా సగానికి సగం జిల్లా ఖాళీ అయితే ఏ కలెక్టరైనా గమనించకుండా ఉండడు, శిస్తు వసూలు చేసేవాడు అసలే ఉండడు.

దీనితో 1839 తుపాను చిన్నదని ఎవరూ అనుకోవలసిన అవసరం లేదు. 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజెటీరు సముద్రం పొంగి ఊళ్లను ముంచిన ఘటనల్లో 1787నూ 1839నూ పెద్దవిగా చెబుతుంది. ఇక్కడే రెండో వివాదం మొదలవుతుంది. ఈ గెజెటీరు 1787 అంటుండగా, మరొక సంప్రదాయం, యానాంలోని ఫ్రెంచి వారి వృత్తాంతాల వాసన ఉన్నది, 1789 డిసెంబరు అంటుంది. సముద్రం నుంచి మూడు అలలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయనీ, మూడోది ఊరిని పూర్తిగా కప్పేసిందనీ, ఇరవై వేల మంది మాయమయ్యారనీ, లంగరు వేసిన ఓడలు యానాం పొలాల్లోకి కొట్టుకుపోయాయనీ, నీరు తీసిన తరువాత మిగిలిన ఇసుక, బురద కుప్పల వల్ల శవాలను వెతకడం కూడా సాధ్యం కాలేదనీ ఆ వృత్తాంతం చెబుతుంది. దీనిని ఎక్కువమందికి తెలిసేట్టు చేసినవాడు కలకత్తాలో నౌకా న్యాయస్థానాధ్యక్షుడుగా ఉండిన హెన్రీ పిడింగ్టన్.

పిడింగ్టన్ పేరు వచ్చింది కనుక ఒక పక్కమాట. ‘సైక్లోన్’ అన్న పదం కోరంగి ఉప్పెన వల్లే పుట్టిందని స్థానికంగా కొందరు గట్టిగా నమ్ముతారు. పిడింగ్టన్ ఆ పదాన్ని 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో వాడాడు, చుట్ట చుట్టుకున్న పాము అన్న అర్థంలో గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు, అంతవరకు నిజం. అయితే ఆయన పోగుచేసిన ఓడల దినచర్యలు అనేకం. వాటిలో 1845లో మారిషస్ దగ్గర తుపాను కేంద్రం చుట్టూ తిరుగుతూ కొట్టుకుపోయిన ఓడ కథ ప్రసిద్ధం. కోరంగి ఆయన ఉదాహరణలలో ఒకటి, తల్లి కాదు.

మరి 1787, 1789లలో ఏది? రెండూ జరిగాయనడానికి ప్రకృతిలో అడ్డేమీ లేదు, వేసవి చివర ఒకటి, శీతాకాలం మొదట ఒకటి బంగాళాఖాతంలో తుపాను ఋతువులే. అడ్డు వచ్చేది జనం. 1787 మేలో ఇంజరంలోని కంపెనీ ఫ్యాక్టరీ, అంటే బట్టల కొనుగోలు కోసం నడిచే కోఠీ, అక్కడి నుంచి వెళ్లిన ఉత్తరం ఒకటి ఆ కాలపు ఇంగ్లీషు సంకలనాలలో అచ్చయింది. కోరంగిలో ఉన్న నాలుగు వేల మందిలో బతికినవారు ఇరవై మందికి మించరని వినికిడిగా ఆ ఉత్తరం చెబుతుంది. అదే నిజమైతే రెండేళ్ల ఏడు నెలల తరువాత, 1789 డిసెంబరులో, అదే ఊళ్లో మునగడానికి ఇరవై వేల మంది ఎక్కడి నుంచి వచ్చారో 1789 వాదులు చెప్పవలసి ఉంటుంది. పైగా ఊరు పూర్తిగా మాయమయిందన్న మాట కూడా నిలవదు, ఎందుకంటే 1802లో ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకకు కోరంగిలోనే మరమ్మతు జరిగింది. రంగూన్‌లో తెలుగువారందరికీ ‘కొరంగీలు’ అన్న పేరు వచ్చేంతగా ఇక్కడి నుంచి జనం, సరుకు ఓడలెక్కినది ఆ తరువాతి శతాబ్దంలోనే. కోరంగి రేవును చంపినది అల కాదు, ముఖద్వారంలో ఏటేటా పడిన ఇసుక మేట. ఆ మేట వల్ల లాభపడినది కాకినాడ.  మళ్లీ తేదీ దగ్గరికి వస్తే, ఇంజరం ఉత్తరం ఘటన జరిగినప్పుడే, కొద్ది మైళ్ల దూరం నుంచి, పైవారికి జవాబు చెప్పవలసిన మనిషి రాసినది. 1789 కథ దశాబ్దాల తరువాత, చెప్పిన నోటి నుంచి విన్న నోటికి మారుతూ వచ్చినది. రెండూ ఒకే ఉప్పెనను గురించిన రెండు జ్ఞాపకాలనీ, తేదీ రెండో దానిలో జరిగిపోయిందనీ అనుకోవడమే సబబు.

ఆ ఉత్తరంలో ఒక వివరం ఉంది, దానిని చాలామంది చదివి వదిలేశారు. బతికిన ఆ ఇరవై మందిలో కొందరు ఒక కెప్టెను ఇంటి మేడ మీద నిలిచినవారు, మరికొందరు ఇంకొక దొర ఇంట్లో లోపల దూలాలను పట్టుకుని వేలాడినవారు. మేడ కప్పు కింద నీరు, మేడ కప్పు మీద జనం. ఇంటి గోడ ఇటుకా సున్నంతో కట్టినది కనుకే నిలిచి ఉంటుంది, పక్కనున్న తాటాకు ఇళ్లు నిలిచి ఉండవు. ఎవరు బతికారు, ఎంత ఎత్తున ఉండి బతికారు, ఏ కట్టడం ఆపింది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ రెండు వాక్యాల్లో ఉంది. పెద్ద ఆపదను అంచనా వేయడమంటే ఇదే: ఎందరు చనిపోయారన్న అంకె ఒక్కటే కాక, ఏ పరిస్థితిలో చనిపోయారు, ఏ పరిస్థితిలో చనిపోలేదు అన్నది వెతకడం. మూడు లక్షలన్న అంకె ఈ పనికి పనికిరాదు. అంత పెద్ద వినాశనం ముందు మేడ, దూలం అన్నవి నవ్వులాటగా తోస్తాయి, దేవుడి లీల అని చేతులు జోడించి ఊరుకోవడం ఒక్కటే మిగులుతుంది. నాలుగు వేల మందిలో ఇరవై అన్నప్పుడు మాత్రం, మేడలు పది రెట్లు ఉంటే ఆ ఇరవై కాస్తా రెండు వందలయ్యేది కదా అన్న ఆలోచన వస్తుంది.

ఉప్పెన అంటే సునామీ కాదు, ఒక అల కాదు. తుపాను గాలి లోతు తక్కువ సముద్రం మీద గంటల తరబడి ఒకే దిక్కుకు తోసినప్పుడు నీరు తీరం మీదికి పేరుకుని ఎక్కడం. అందుకే పోటు సమయంలో తుపాను తీరం దాటితే ఎత్తు పెరుగుతుంది, ఆటు సమయంలో దాటితే తగ్గుతుంది. తుపాను దాటిన చోటికి కుడివైపు, అంటే ఈ తీరాన ఉత్తరం వైపు ఉన్న ఊళ్లకు గాలి సముద్రం నుంచి లోపలికి వీస్తుంది కనుక అక్కడే ఎక్కువ నష్టం. 1996 నవంబరు 6న తుపాను కాకినాడకు దక్షిణంగా దాటినప్పుడు ఈ సూత్రమంతా కళ్లముందు కనబడింది. వెయ్యి మందికి పైగా చనిపోయిన ఆ తుపానులో భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలవారు ఎక్కువ. సముద్రంలోనూ, రొయ్య పిల్లలు పట్టడానికి వెళ్లిన దిబ్బల మీదా ఉన్నవారికి పరిగెత్తడానికి ఎత్తయిన చోటే లేదు. 1977లో దివిసీమలో పది వేల మంది ప్రాణాలు తీసిన ఉప్పెన తరువాత తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు ఊరూరా చేర్చే పద్ధతి బలపరచారు. 1990 మేలో అంత తీవ్రత గల తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర దాటినప్పుడు ఆరున్నర లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినవారు వెయ్యికి లోపు. అయినా ఆ పద్ధతి సముద్రంలో పడవ మీద ఉన్నవాడికి, దిబ్బ మీద ఉన్నవాడికి చేరడం లేదని ఆరేళ్లకే 1996 తేల్చింది.

షెల్టరు ఇటుకా సున్నపు మేడకు వారసురాలు. కోరంగికి మరొక రక్షణ ఉంది, అది మడ అడవి. బురదలోంచి పైకి పొడుచుకు వచ్చే ఊపిరి వేర్లు, ఒకదానితో ఒకటి అల్లుకున్న కొమ్మలు నీటి వేగాన్ని లాగి పట్టి, అది లోపలి ఊళ్లకు చేరేసరికి కొంతైనా తగ్గిస్తాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దాని అంచుల్లో 1990లలో రొయ్యల చెరువులు వచ్చి మడ తగ్గింది. పోయిన చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీటిని ఎండిన నేలకు చేర్చి, మళ్లీ మొక్కలు పెంచే పని కొంత జరిగింది. సముద్రపు వైపు హోప్ ఐలాండు అనే ఇసుక దిబ్బ కాకినాడ అఖాతానికి అడ్డుగా పడుకుని ఉంది, అది గత రెండు వందల ఏళ్లలో నది తెచ్చిన ఇసుకతో పెరిగినది. అంటే 1787లో అది నేటి ఆకారంలో లేదు. పాత ఉప్పెన ఎత్తులను నేటి తీరానికి అప్పగించేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోని ఏ అంచనా అయినా తప్పే.

హెచ్చరించడం ఒక పని, విన్నవారు పట్టించుకోవడం ఇంకొకటి. ఇదే పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా లేఖ రాసి, బెంగాల్లోని మాట్లా నది మీద కట్టదలచిన పోర్టు క్యానింగ్ ఉప్పెన దారిలో ఉందని చెప్పాడు. రేవు కట్టారు. ఆయన 1858లో చనిపోయాడు. 1867లో తుపాను నీరు ఆ రేవును దెబ్బతీసింది, తరువాత దాన్ని వదిలేశారు. పోర్టు క్యానింగ్ కథలో చనిపోయినవారి అంకె కాక, ముందే చెప్పిన మాట ఉంది, అందుకే అది ఇంజనీర్లకు ఈనాటికీ పాఠమైంది. కోరంగి కథలో అంకె ఒక్కటే మిగిలింది.

కోరంగి మడ అడవి లోపల బ్రిటిషు కాలపు పాత లైట్‌హౌస్ శిథిలం ఒకటి ఉంది. పడవ మీద దాని దాకా వచ్చి ఫొటోలు తీసుకునేవారు చాలామంది. దాని గోడ మీద ఎవరైనా ఉప్పెన కోసం ఒక పలక పెట్టాలనుకుంటే 1787, 1839, 1996 అన్న మూడు ఏళ్లు చాలు. మూడు లక్షలు వద్దు. 1787 పక్కన నాలుగు వేలు, ఇరవై అని చెక్కి, ఆ ఇరవై మందిలో ఉత్తరం చెప్పినవారు ఏ ఎత్తున నిలిచారో దాని కింద రాయాలి.