రాత్రి నిలిపిన కారు ఉదయానికి మొరాయిస్తే.. లోపం బ్యాటరీదేనా?

రాత్రి ఇంటి ముందు నిలిపినప్పుడు బాగానే ఉన్న కారు తెల్లవారేసరికి స్టార్ట్ కాదు. తాళం తిప్పితే టక్ టక్ శబ్దం తప్ప ఇంజిన్ తిరగదు. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొంటారు. అసలు లోపం వైరింగ్‌లో ఉంటే కొన్నాళ్లకు కొత్తదీ అలాగే ఖాళీ అవుతుంది. అందుకే ముందుగా కొలిచి చూడటం అవసరం.

ఆగిన కారూ కరెంటు వాడుతుంది

గడియారం, అలారం, రిమోట్ తాళం, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ కోసం ఆగి ఉన్న కారు సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. ఈ లెక్కన 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సగానికి తగ్గడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. డిక్కీలో 5 వాట్ల దీపం రాత్రంతా వెలిగినా ఖర్చయ్యేది 4 నుంచి 5 ఆంపియర్ అవర్లే. మంచి బ్యాటరీ దీన్ని తట్టుకుంటుంది. ఒక్క రాత్రికే కారు మొరాయించిందంటే బ్యాటరీ బలహీనపడి ఉండాలి, లేదా సరిగా చార్జ్ కాకపోయి ఉండాలి, లేదా కరెంటు భారీగా వృథా అవుతుండాలి.

మూడింటిలో ఏది?

* బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, నెగటివ్ వైరు తీసి రాత్రంతా ఉంచాలి. ఉదయం మల్టీమీటర్‌లో 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉంటే చార్జ్ నిలిచినట్లే. 12.2 వోల్టులకు పడిపోతే సుమారు సగం ఖాళీ అయినట్లు; లోపం బ్యాటరీదే.
* ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. పాత కార్లలో 13 కంటే తక్కువ ఉంటే ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును పరీక్షించాలి.
* రెండూ సరిగా ఉంటే కరెంటు ఎక్కడో వృథా అవుతున్నట్లే.

ఎక్కడ పోతోంది?

కారు ఆపి, తాళం చెవి దూరంగా ఉంచి, తలుపులన్నీ మూయాలి. మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల స్థాయిలో పెట్టి, నెగటివ్ వైరుకు, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు మధ్య కలపాలి. కంప్యూటర్లు నిద్రాణ స్థితికి చేరడానికి అరగంటకు పైగా పట్టవచ్చు. అప్పటిదాకా కనిపించే అంకెను లెక్కలోకి తీసుకోకూడదు. ఆ తర్వాతా 50 మిల్లీ ఆంపియర్లకు మించి చాలా ఎక్కువ చూపితే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఏ ఫ్యూజు తీయగానే అంకె పడిపోతుందో లోపం ఆ సర్క్యూట్‌లోనే ఉంటుంది.

బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, డాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్, అతుక్కుపోయిన రిలే, ఆరని డిక్కీ దీపం తరచుగా కారణమవుతుంటాయి. ఏ ఫ్యూజు తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటర్‌లోని డయోడ్ దెబ్బతిని ఉండవచ్చు. దాన్ని మెకానిక్‌తో పరీక్షింపజేయడం మేలు.

జాగ్రత్తలు

మీటర్ కలిపి ఉన్నప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేస్తే దాని ఫ్యూజు కాలిపోతుంది. విప్పేటప్పుడు నెగటివ్ వైరును ముందు, బిగించేటప్పుడు చివర పట్టించుకోవాలి. చార్జ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు.