ఖాళీలో కట్టిన లోకం: ప్రత్యామ్నాయ చరిత్ర కల్పనలో ఆదిలాబాదు

జరిగిన చరిత్రలో ఒక ఘట్టాన్ని మార్చి, ఆ మార్పువల్ల ఏర్పడే లోకాన్ని ఊహించి రాసేది ప్రత్యామ్నాయ చరిత్ర కల్పన. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీ, జపానులు గెలిచినట్లు ఫిలిప్ కె. డిక్ 1962లో రాసిన నవల దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. తెలుగులో ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చినది నవల కాదు, చలనచిత్రం. 2022 మార్చిలో విడుదలైన ‘ఆర్.ఆర్.ఆర్.’ 1920 నాటి ఢిల్లీలో కొమురం భీం, అల్లూరి సీతారామరాజు స్నేహితులైనట్లు కల్పించింది. వాస్తవానికి రాజు 1922లో మన్యం పోరాటం ప్రారంభించి 1924 మే 7న ప్రాణాలు కోల్పోయాడు. భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. వీరిద్దరూ కలుసుకున్నట్లు ఆధారం లేదు.

వీరులిద్దరూ యౌవనంలో కొంతకాలం స్వస్థలానికి దూరంగా గడపడం, ఆ కాలపు వివరాలు అంతగా తెలియకపోవడం ఈ కథకు బీజమని దర్శకుడు రాజమౌళి ప్రకటించాడు. నమోదైన చరిత్రతో ఘర్షణ పడకుండా కల్పనకు చోటు సంపాదించే ఈ మెలకువ మెచ్చదగినదే. అయితే ఆ ఖాళీ ఎవరి దృష్టిలో ఖాళీ? ప్రచారంలో ఉన్న జీవితకథ ప్రకారం, పంట విషయమై జరిగిన ఘర్షణలో సిద్దిఖీ అనేవాడు భీం చేతిలో మరణించాడు. భీం ఊరు విడిచి చాందా మీదుగా అస్సాం తేయాకు తోటలకు చేరాడు. అక్కడ కూలీల కష్టాన్నీ వారి ప్రతిఘటననూ చూసి తిరిగివచ్చి, పన్నెండు గూడేలను కూడగట్టాడు. కరీంనగర్ జిల్లాకు చెందిన అల్లం రాజయ్య, సాహుతో కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల గూడేల జ్ఞాపకానికి అక్షరరూపమిచ్చింది. గ్రంథస్థ చరిత్రకు ఖాళీగా కనిపించినది గోండుల జ్ఞాపకంలో ఖాళీ కాదు. చిత్రం అస్సాం కూలీని తీసివేసి ఆ స్థానంలో ఢిల్లీని నిలిపింది.

అంతకంటె పెద్ద మార్పు శత్రువు విషయంలో జరిగింది. ఆదిలాబాదు బ్రిటిషు ఇండియాలోది కాదు, నిజాం రాజ్యంలోది. భీం పోరాడినది గవర్నరుతో కాదు; పోడును అడ్డుకున్న జంగ్లాతు సిబ్బందితో, మేతకూ వంటచెరకుకూ విధించిన పన్నులతో, సాగుచేసినవాడి పేరు లేని పట్టాతో. 2020లో ప్రచారచిత్రంలో భీం ముస్లిం వేషంలో కనిపించినందుకు ఆదిలాబాదులో నిరసనలు వచ్చాయి. కాని వేషం కంటె నిజాం పాలనను కథ అంచుకు నెట్టడమే చర్చించదగిన అంశం.

లోకనిర్మాణానికి కావలసిన సామగ్రి ఆ పాలనలోనే పుష్కలంగా ఉంది. కచేరీ భాష ఉర్దూ, కాగితాలపై ఫస్లీ సంవత్సరం, చేతిలో హాలీ సిక్కా. వార్ధా నది దాటితే మధ్యపరగణాలు. అక్కడ చెల్లేది కల్దారు రూపాయి, అక్కడి పోలీసు వేరు. కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయినది 1929లో గనుక, 1920లో ఢిల్లీకి బయలుదేరిన గోండు యువకునికి ఆసిఫాబాదు అడవి మీదుగా నేరుగా రైలు లేదు. రెండు రాజ్యాల మధ్య ఆ నది దాటడమొక్కటే ఒక అధ్యాయానికి సరిపోతుంది.

మార్పు బిందువును జోడేఘాట్ వద్దనే పెట్టవచ్చు. 1940కి ముందే ఆ పన్నెండు గూడేలకు పట్టాలు దక్కి ఉంటే? సమాధానం తేలికైనది కాదు. తిరుగుబాటు జరిగినందువల్లనే, అప్పటికి చెంచులను పరిశీలిస్తున్న హైమన్‌డార్ఫ్‌ను నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని అధ్యయనం చేయమన్నది. మార్లవాయి ఉపాధ్యాయ శిక్షణకేంద్రం, 1356 ఫస్లీ (1946) నాటి గిరిజన ప్రాంతాల చట్టం, ఉట్నూరు ప్రాంతపు పట్టాలు ఆ తరువాతివే. భీం బ్రతికి, పన్నెండు గూడేలు భూమి పొందిన లోకంలో తక్కిన గోండులకు ఇవేవీ అందకపోవచ్చు. ఈ మూల్యాన్ని లెక్కించని కల్పన కోరిక తీర్చుకోవడంగానే మిగులుతుంది.

పట్టాలు వచ్చిన తరువాత కూడా భూమి గిరిజనేతరుల చేతికి జారిపోయింది. దానిని ఆపడానికి 1970లో ఒకటవ నిబంధన వచ్చింది. అయినా 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. జోడేఘాట్‌ను మార్చదలచిన నవలాకారుడు తన కథను అక్కడిదాకా నడిపించి, ఆ రోజు ఇంద్రవెల్లి సంతకు ఎవరు వచ్చారో, ఏమి అడగడానికి వచ్చారో రాయవలసి ఉంటుంది.