ఓడినది మొదటి ఆటయే

సికింద్రాబాదు నుండి ఉత్తరముగా రెండు త్రోవలు చీలిపోవును. ఒకటి బోయినపల్లి, కొంపల్లి దాటి మేడ్చల్ మీదుగా నాగపురము దిక్కునకు సాగును. మఱియొకటి తిరుమలగిరి, అల్వాలు, బొల్లారము, హకీంపేట దాటి శామీర్‌పేట చెఱువు ప్రక్కగా కరీంనగరము దిక్కునకు పోవును. నిజాము కాలమున మన్మాడు వరకు వేసిన రైలుమార్గము అమ్ముగూడ, అల్వాలు, బొల్లారము స్టేషనులలో ఆగుచు మేడ్చల్ చేరును. ఈ త్రోవల మొదట, మైళ్ళ కొలది వ్యాపించి, 1806 నాటి నుండి కంటోన్మెంటు నిలిచియున్నది. పటాలముల సిపాయిలు సాయంకాలములందు ఆడుకొన్న ఫుట్‌బాలు, మైదానపు గట్టున నిలిచి చూచుచుండిన లష్కరు బస్తీల పిల్లలకు అలవడి, గుడిసెల నడుమనున్న ఖాళీ జాగాలకు వ్యాపించి, ఒక తరము గడచునప్పటికి ఈ నేలకు సొంత విద్యయై కూర్చున్నది.

ఈ ఆట చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా గెలిచిన కప్పుల పట్టికతో ఆరంభింతురు. ఆ పట్టిక దీర్ఘమైనదే, గర్వింపదగినదే. కాని నా మనస్సు చిరకాలముగా ఓటములచుట్టు, అందును మొదటి ఆటలో కలిగిన ఓటములచుట్టు తిరుగుచున్నది. ఏలయన, గెలిచిననాడు మైదానమునకు వచ్చినవాడు జట్టుకొఱకు వచ్చెనో పండుగకొఱకు వచ్చెనో తేల్చుట కష్టము. సీజను మొదటిదినముననే, నెలల తరబడి పెంచుకొన్న ఆశ తొంబది నిమిషములలో కూలిన పిమ్మట, రెండవ ఆటకు టికెట్టు కొనుటకై వరుసలో నిలిచినవాడే అభిమాని. హైదరాబాదునందలి అట్టి అభిమానుల కథను వెనుకకు త్రవ్వి చూచినచో ఒక విషయము స్పష్టమగును: ఇచ్చటివారు ఓటమిని సహింపలేక జట్టును విడిచిపెట్టలేదు. జట్లే వారిని విడిచి పోయినవి.

అమ్ముగూడ నుండియే మొదలుపెట్టుదము. 1936లో ఆ పల్లెలో, తమిళము మాటలాడు ఒక పేద కుటుంబమున తులసీదాస్ బలరాం జన్మించెను. బూట్లు కొను స్తోమతు లేక, పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టువానిచేత బూట్లు కుట్టించుకొని ఆడిన బాలుడతడు. అతని ఆటను కనిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం, నగరమునకు వచ్చి అభ్యాసము చేయుమని పిలువగా, వచ్చుటకు దారిబత్తెము లేదని బలరాం విన్నవించుకొనెననియు, అంతట రహీం సాహెబు సైకిలు అద్దెకు దినమునకొక రూపాయి తన చేతినుండి ఇచ్చెననియు చెప్పుదురు. అద్దె సైకిలుపై అమ్ముగూడ నుండి నగరమునకు పోయివచ్చిన ఆ కుఱ్ఱడు ఇరువది యేండ్ల ప్రాయముననే మెల్‌బోర్న్ ఒలింపిక్సునకు పోయెను. 1956లో భారతదేశము ఫుట్‌బాలున నాల్గవ స్థానము పొందిన జట్టులో నుండెను.

రహీం సాహెబు వృత్తిచేత బడిపంతులు. 1943 మొదలు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శి. 1950లో సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైన తరువాత ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు గెలుచుకొనెను. 1950లోనే డ్యూరండ్ కప్పు తుదిపోరున మోహన్ బగానును ఓడించెను. ఆనాటి ఆటగాండ్రలో పెక్కుమంది కానిస్టేబుళ్ళు, రైల్వే పనివారు, చిన్న గుమాస్తాలు. తాము కాపురమున్న గల్లీలలోనే ప్రతిదినము కనబడువారు. నిన్న సాయంకాలము గోలు తప్పినవాడు నేటి ఉదయము పాలకేంద్రమువద్ద ఎదురుపడును. అట్టి స్థితిలో ఓడిన జట్టుపై కోపము ఎంత తీవ్రమైనను అది ఇంటివారిమీది కోపమే కాని పరాయివారిమీది కోపము కాదు. ఈ సామీప్యము తరువాతి కాలమున ఎంత దూరమైపోయినదో తలచుకొన్నప్పుడెల్ల నాకు బాధ కలుగును.

1960లో రోమ్ ఒలింపిక్సున భారతజట్టు మొదటి ఆట హంగెరీతో పడెను. ఆ ఏడు కాంస్యపతకము గెలిచిన ప్రబలమైన జట్టది. ఫ్లోరియన్ ఆల్బర్ట్ వంటి యువకుడు దాని ముందువరుసలో నుండెను. మనవారు రెండు గోళ్ళు వెనుకబడియు తలవంపక, ఆట ముగియుటకు కొంత ముందు ఒక గోలు చేసిరి. ఆ గోలు అమ్ముగూడ బలరాముదే. 2–1తో ఓటమి. తరువాత ఫ్రాన్సుతో 1–1 సమముగా ముగిసెను. పెరూతో 3–1తో ఓడి జట్టు ఇంటిదారి పట్టెను. ఆ ఒక్క గోలును బలరామే చేసెను. ఫలితములను మాత్రము చదువువానికి ఇది వైఫల్యముగా తోచును. హంగెరీ జట్టు బలమును, మన ఆటగాండ్రకు అప్పటికి లభించుచున్న సదుపాయములను ఎఱిగినవారు ఆ మొదటి ఓటమిని భారత ఫుట్‌బాలు ఆడిన ఉత్తమమైన ఆటలలో నొకటిగా లెక్కింతురు. నేనును వారి పక్షమే.

రెండేండ్ల తరువాత జకార్తాలో జరిగినది ఇంకను కఠినమైన పరీక్ష. 1962 ఆసియా క్రీడలకు ఇజ్రాయెలును, తైవానును రానీయకపోవుటను భారతీయుడైన జి.డి. సోంధీ బహిరంగముగా ఆక్షేపించుటచేత ఇండొనేషియా ప్రజలకు మనపై ఆగ్రహము మిక్కుటమై యుండెను. అట్టి నగరమున, అట్టి ప్రేక్షకుల యెదుట, మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియాచేతిలో 2–0తో ఓడెను. ఆ జట్టులో బలరాముతోపాటు సికింద్రాబాదు పీటర్ తంగరాజ్, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ మొదలగు మనవారుండిరి. శిక్షకుడు రహీం సాహెబే. శ్వాసకోశ వ్యాధి అప్పటికే ఆయన దేహమును తినివేయుచుండెను.

ఆ ఓటమి తరువాతి దినములు నాకెప్పుడును ఆశ్చర్యమును కలిగించును. థాయిలాండుతో ఆటలో 4–1తో గెలుపు వచ్చెను గాని, రక్షణకు వెన్నెముకయైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. జపానుపై 2–0, ఆ రెండింటిలో ఒక గోలు బలరాముది. సెమీ ఫైనలునకు రహీం చేసిన ఆలోచన సాహసముతో కూడినది: తలకు కుట్లున్న రక్షకుని వెనుకనుండి తీసి ముందువరుస నడుమ నిలిపెను. దక్షిణ వియత్నాముపై 3–2తో నెగ్గిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు, చునీ గోస్వామి రెండు గోళ్ళు చేసిరి. సెప్టెంబరు 4న తుదిపోరున ఎదుటికి మరల వచ్చినది, మొదటిదినము ఓడించిన దక్షిణ కొరియాయే. సెనయాన్ మైదానమున సుమారు లక్షమంది జనము. మన జాతీయగీతము వినబడకుండ అఱచిరి, మనవారు బంతిని తాకినప్పుడెల్ల ఎగతాళి చేసిరి. ఆ జనసముద్రమున మనకొఱకు కంఠమెత్తినవారు కొందఱున్నారు. వారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రు. ఇరువది నిమిషములు గడచునప్పటికి పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా, కొరియా చివర ఒకటి మాత్రమే తీర్చుకొనగలిగెను. 2–1. ఆ స్వర్ణపతకము తరువాత నేటివరకు ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాలు జట్టునకు మఱియొక స్వర్ణము రాలేదు.

1963 జూన్ 11న రహీం సాహెబు కన్నుమూసెను. ఆ సంవత్సరముననే బలరాం, ఊపిరితిత్తుల జబ్బుచేత, ఇరువదియేడేండ్ల వయస్సుననే ఆట మానవలసివచ్చెను. 1957లోనే ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలుపునందుకొని కలకత్తా చేరిన అతడు మరల ఇచ్చట స్థిరపడలేదు. ఉత్తరపాడాలో జీవించి 2023 ఫిబ్రవరిలో మరణించెను. అతనివలెనే ఎందఱో కలకత్తా, బొంబాయి క్లబ్బులకు తరలిపోయిరి. కూలి గిట్టుచోటికి పోయినవారిని తప్పుపట్ట నాకు నోరాడదు. కాని ఆటగాండ్రను తయారుచేసి పంపుటయే కాని నిలుపుకొను ఏర్పాటు ఈ నగరమున ఎవరును చేయలేదు. సిటీ పోలీసు పేరు క్రమముగా పాత పత్రికలలో మిగిలెను. జనము ఓటమికి విసిగి మైదానములనుండి మరలిరని కొందఱనుట నేను వింటిని, అది నిజముకాదు. చూచుటకు జట్టే లేకపోయినది.

క్రికెట్టు సంగతి త్వరగా చెప్పి ముందుకు పోదును. 2008లో హైదరాబాదు ఐపీఎల్ జట్టైన డెక్కన్ ఛార్జర్స్ తన మొదటి ఆటను ఏప్రిల్ 20న ఈడెన్ గార్డెన్సులో 110 పరుగులకే కూలి, ఐదు వికెట్ల తేడాతో కోల్కతా చేతిలో కోల్పోయెను. ఆ సీజనులో ఉప్పలు మైదానమున ఒక్క ఆటయు గెలువక, పట్టికలో చివరన నిలిచెను. మరుసటి యేడు దక్షిణాఫ్రికాలో అదే జట్టు ఛాంపియను. 2012లో ఆ జట్టే లేకుండ పోయెను, ఆర్థిక వివాదములచేత. ఈ నాలుగు వాక్యముల క్రమమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక; త్వరలో ఇదే క్రమము మరల వచ్చును.

2019 ఆగస్టులో, మూతపడిన పుణె జట్టు స్థానమున హైదరాబాద్ ఫుట్‌బాలు క్లబ్బు వెలసెను. అప్పటికి బాహ్యవలయ రహదారి 158 కిలోమీటర్లు పూర్తియై, మేడ్చల్ వారును శామీర్‌పేట వారును నగరపు రద్దీలో పడకుండనే గచ్చిబౌలి మైదానమునకు పోగల మార్గమేర్పడి యుండెను. బొల్లారము, అల్వాలు, తిరుమలగిరి పాత ఫుట్‌బాలు కుటుంబములకు ఐదారు దశాబ్దముల తరువాత దేశపు పెద్ద పోటీలో మనదని చెప్పుకొన ఒక జట్టు దొరకెను. ఆ జట్టు మొదటి ఆట అక్టోబరు 25న కలకత్తా సాల్ట్ లేక్ మైదానమున ఏటీకేతో జరిగెను. ఫలితము 5–0. ఒక్క గోలు లేదు. అభిమాని నోట మొదట వచ్చునవి ఎల్లకాలమందు ఒకే మాటలు: “డిఫెన్సే లేదు”, “కోచ్‌ను మార్చాలె”, “తయారీకి టైమేది పాపం”. అరగంట గడచిన పిమ్మట ఎవడో ఒకడు, సాధారణముగా అందఱికన్న పెద్దవాడు, “మొదటి మ్యాచే గద, ఇంకా సీజనంత ఉన్నది” అనును. ఆ మాటకు ఆధారమేమియు లేదు. అయినను ఆ మాట పడినతోడనే తరువాతి ఆట ఏనాడని విచారణ మొదలగును.

ఆ తరువాతి ఆటయు జంషెడ్‌పూరులో 3–1తో పోయెను. నవంబరు 2న మొదటిసారిగా సొంత మైదానమున కేరళ బ్లాస్టర్సుతో తలపడగా, రాహుల్ కే.పీ. గోలుతో కేరళ ముందంజ వేసెను. మనవైపు స్టాంకోవిచ్ పెనాల్టీతో లెక్క సరిపెట్టగా, మార్సెలిన్యో ఫ్రీకిక్కుతో 2–1 గెలుపు వచ్చెను. అంతే, పదునెనిమిది ఆటలలో రెండే గెలుపులతో, పది పాయింట్లతో ఆ యేడు జట్టు అట్టడుగున నిలిచెను.

మహమ్మారి కారణముగా ఆటలన్నియు గోవాకు చేరి, ప్రేక్షకులు లేని మైదానములలో జరిగిన కాలమున మనోలో మార్కెస్ అను స్పానిషు శిక్షకుడు జట్టును చేపట్టెను. 2021–22 సీజను మొదటి ఆటలో చెన్నైయిన్ చేతిలో 1–0తో ఓటమి, పెనాల్టీ గోలువలన. ఇండ్లలో కూర్చుండి చూచినవారికి ఇది పాత కథయే మరల వచ్చినట్లు తోచియుండును. కాని 2022 మార్చి 20న ఫటోర్డాలో తుదిపోరునకు అదే జట్టు నిలిచెను. ఎదుట కేరళయే. ఆ ఆటకు ప్రేక్షకులను రానిచ్చుటచేత గ్యాలరీలంతటను కేరళ అభిమానుల పసుపు వన్నె. మైదానమున పసుపు చొక్కా మాత్రము మనవారిది, కేరళ జట్టు నల్లచొక్కాలతో ఆడెను. మొదటి గోలు మరల రాహుల్ కే.పీ.దే. ఎనుబది యెనిమిదవ నిమిషమున సాహిల్ తవోరా సమము చేసెను. పెనాల్టీల పోరున గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపగా 3–1తో కప్పు హైదరాబాదుకు వచ్చెను. జకార్తా 1962 నాటి వరుస గుర్తున్నవారికి ఆ రాత్రి కన్నీరు వచ్చినదనిన నేను నమ్ముదును.

శామీర్‌పేట మండలమున హకీంపేట క్రీడాపాఠశాల 1993 నుండి నడచుచున్నది. స్టూవర్టుపురము నుండి వచ్చి అచ్చట చదివిన రాగాల వెంకట్ రాహుల్ బరువులెత్తు పోటీలలో 2014లో నాన్‌జింగ్ యువ ఒలింపిక్సున రజతము, 2018 కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము గెలిచినవాడు. అట్టి పాఠశాలలోని బాలునకు గెలిచిన సొంత జట్టు కంటియెదుట నుండుట ఎంతటి భాగ్యమో చెప్పనక్కఱలేదు. ఆ భాగ్యము మూడేండ్లయినను నిలువలేదు. జీతములు చెల్లింపకపోవుటచేత ఆటగాండ్రు ఒకరి వెనుక నొకరు వెడలిపోయిరి. కొత్తవారిని తీసికొనరాదని అంతర్జాతీయ సంస్థ ఆంక్ష విధించెను. 2023–24లో మొదటి ఆట ఈస్ట్ బెంగాల్ చేతిలో 2–1తో పోగా, ఆ యేడంతటికి ఒక్క గెలుపే దక్కెను. 2024–25లో మొదటి ఆట బెంగళూరు చేతిలో 3–0తో పోయెను. ఆ ఓటములకును అభిమానులు కోపగించిరి, శిక్షకుని నిందించిరి, యాజమాన్యమును ప్రశ్నించిరి, మరల గచ్చిబౌలికి పోయిరి.

2025లో చేతులు మారిన ఆ క్లబ్బును ఢిల్లీకి తరలించి, పేరు సైతము మార్చివేసిరి. 2023 ఏప్రిల్ నుండి మేడ్చల్ వరకు ఎంఎంటీఎస్ రైళ్ళు బలరాము ఊరి స్టేషను మీదుగానే నడచుచున్నవి. బొల్లారము చుట్టుప్రక్కల మైదానములలో ఆదివారపు పోటీలు నేటికిని జరుగుచున్నవి. దేశపు పెద్ద పోటీలో మాత్రము, రాబోవు సీజను మొదటిదినమున ఓడుటకైనను హైదరాబాదుకు తన జట్టు లేదు.