పాషా: ఖితాబ్ నుంచి ముద్దుపేరు దాకా

తెలంగాణలో ఏ ముస్లిం బస్తీకైనా వెళ్లి "పాషా" అని ఒక్క కేక వేయండి. కనీసం నలుగురు వెనక్కి తిరుగుతారు. ఒకరు చాంద్ పాషా, ఒకరు మహబూబ్ పాషా, ఒకరు జానీ పాషా. నాలుగోవాడి అసలు పేరు వాళ్ల అమ్మీకి తప్ప ఎవరికీ గుర్తుండదు, మొహల్లాకంతా వాడు ఉత్త పాషాయే. మా ఖాందాన్‌లోనే ముగ్గురు పాషాలున్నారు. పెద్ద పాషా, చిన్న పాషా, దుకాణం పాషా అని పిలుచుకుంటాం. ఇంత మషూర్ అయిన ఈ పేరుకు మానీ ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది?

పాషా తుర్కీ మాట. ఉస్మానియా సల్తనత్‌లో వజీర్లకు, సూబాలను ఏలే హాకిములకు, ఫౌజు సర్దార్లకు సుల్తాన్ ఇచ్చిన ఖితాబ్. ఫార్సీలోని "పాద్‌షా" నుంచి పుట్టిందని కొందరంటారు. తుర్కీలో తల అనే అర్థమున్న "బాష్" నుంచి వచ్చిందని మరికొందరంటారు. ఎలా చూసినా పెద్దవాడు అనే మతలబ్. ఈ ఖితాబ్ పేరుకు వెనక చేరుతుంది: అన్వర్ పాషా, ముస్తఫా కమాల్ పాషా. మన చాంద్ పాషాలోనూ అదే వరస.

అరబ్బీలో "ప" హర్ఫ్ లేదు. అందుకే అరబ్బుల నోట అది "బాషా" అయింది. ఈజిప్టు బజార్లలో ఇప్పటికీ ఎదుటివాణ్ణి అదబ్‌గా "యా బాషా" అని పిలుస్తారు. మన రాయలసీమలో కూడా ఖాదర్ బాషా, మహబూబ్ బాషా అనే పేర్లే ఎక్కువ. కృష్ణకు ఇటు పాషా, అటు బాషా అని నేను సరదాగా అంటుంటాను.

హైదరాబాద్‌లో ఈ మాటను జనం గుండెల్లో పెట్టింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అని నా ఖయాల్. 1866లో పుట్టి, 1869లో ఇంకా మూడేళ్లు నిండకుండానే తఖ్త్ ఎక్కాడు. కాగితాల మీద ఆయనకు బారెడు ఖితాబులు. జనానికి మాత్రం మహబూబ్ అలీ పాషా. మహబూబ్ అంటేనే ప్రియమైనవాడు, దానికి పాషా తోడైంది. పాము కరిస్తే ఆయన పేరు మీద దుహాయీ ఇస్తే విషం దిగుతుందని హిందువులూ ముస్లింలూ నమ్మేవారు. మనం నేటికీ వాడే "తీస్‌మార్ ఖాన్" అనే మాటను కూడా పులుల షికారు చేసిన ఆయనకే ముడిపెడతారు. 1890లో పాలమూరు ఆయన పేరుతోనే మహబూబ్‌నగర్ అయింది. 1911లో ఆయన ఇంతెఖాల్ అయింది. మక్కా మసీదు సహన్‌లో ఆయన ఖబర్ ఉంది. రాజు పోయినా పేరు గరీబుల ఊయలల్లోకి చేరింది.

హైదరాబాద్ ఇంకో చిత్రం కూడా చేసింది. తుర్కీలో పాషా మగవాళ్ల ఖితాబ్. ఇక్కడ ఆడవాళ్లకూ ఇచ్చారు. ఏడో నిజాం బేగంను దుల్హన్ పాషా అని, కూతురిని షహజాదీ పాషా అని పిలిచేవారు. తుర్కీలో సంపాదించుకుంటే తప్ప దక్కనిది, తండ్రి నుంచి కొడుక్కి రానిది, ఇక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ మొహబ్బత్‌తో దొరికింది.

తర్వాత 1919 నుంచి 1924 దాకా ఖిలాఫత్ రోజులు. అన్వర్ పాషా, కమాల్ పాషా పేర్లు ఉర్దూ అఖ్బార్ల ద్వారా హిందుస్తాన్ అంతా తిరిగాయి. అక్కడ బెంగాల్‌లో ఖాజీ నజ్రుల్ ఇస్లాం 1921లో కమాల్ పాషా మీద నజ్మ్ రాశాడు. అదే కమాల్ పాషా హుకూమత్ 1934లో కానూన్ చేసి తుర్కియేలో పాషా, బే, ఎఫెందీ ఖితాబులన్నీ రద్దు చేసింది. 1952 ఇంఖిలాబ్ తర్వాత ఈజిప్టులోనూ రద్దయ్యాయి. పుట్టిన దేశంలో ఖితాబ్ ఖతమైంది. మన దగ్గర మాత్రం ఆటో నడిపేవాడు, వెల్డింగ్ చేసేవాడు, మటన్ కొట్టేవాడు అందరూ పాషాలే. దీన్ని చూసి నవ్వేవాళ్లు ఉన్నారు. నాకైతే ఫఖర్‌గా ఉంటుంది.

ముద్దుపేరు మన రివాజులో కొత్తదేమీ కాదు. వేల హదీసులు అందించిన సహాబీని పిల్లిపిల్లల మీది ప్రేమ వల్ల అబూ హురైరా అన్నారు. ఆ కునియత్ ముందు ఆయన అసలు పేరు మరుగున పడిపోయింది. మనసు నొప్పించే పేర్లతో పిలవొద్దని సూరె హుజురాత్ హుకుం చేస్తుంది. ప్రేమతో పిలిచే పేరుకు మనాహీ లేదు.

అయితే ఒక ముష్కిల్ ఉంది. నిజాం కాలం కాగితాల్లో అసలు పేరు రాసి, "ఉర్ఫ్" అని పక్కన వాడుక పేరు రాసేవారు. ఒకే మనిషికి రెండు పేర్లూ చెల్లేవి. ఇప్పటి కంప్యూటర్‌కు ఉర్ఫ్ తెలియదు. మా మామూకు రేషన్ కార్డులో పాషా, పదో తరగతి మెమోలో పూర్తి పేరు, పట్టా పుస్తకంలో చాంద్ బాషా. ఉమ్రా కోసం పాస్‌పోర్టుకు వెళితే ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోమన్నారు. నోటరీ, అఫిడవిట్, పేపర్ ప్రకటన... అన్నీ అయ్యేసరికి ఆరు నెలలు గడిచాయి. ఆ సంవత్సరం ప్రయాణం ఆగిపోయింది.

ఇప్పుడు ఈ మాట ఇంకా ముఖ్యం. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి దాఖలా నుంచి ఓటరు లిస్టు దాకా పుట్టిన తేదీకి, చోటుకి బర్త్ సర్టిఫికెట్టే సబూత్. పుట్టిన 21 రోజుల్లో రాయించాలి. అప్పటికి పేరు తేలకపోతే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించవచ్చు.

కాబట్టి అఖీఖా రోజు పెట్టిన పూర్తి పేరును ఒక చీటీ మీద తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసుకోండి. ఆ హిజ్జే ప్రకారమే ప్రతి కాగితంలో రాయించండి. పేరులో పాషా ఉంటే అన్నిచోట్లా పాషాయే ఉండాలి, ఒకచోట బాషా కాకూడదు. ఇక ఇంట్లో, గల్లీలో, దస్తర్‌ఖాన్ దగ్గర మీ బిడ్డను నోరారా పాషా అనే పిలవండి. సుల్తానులు ఇచ్చిన పాషాగిరీ ఎప్పుడో పోయింది. అమ్మీలు ఇచ్చింది మిగిలింది.