ఆఖరి క్షణం పాట

1662 సెప్టెంబర్ 3. లండన్‌లోని నౌకాదళ కార్యాలయంలో పాత ఓడలకు వేలం జరుగుతోంది. పాట ఎప్పుడు ముగియాలో చెప్పేది మనిషి కాదు, వెలుగుతున్న అంగుళం కొవ్వొత్తి ముక్క. అది ఆరేలోపు చివరగా ఎవరు పాడితే ఓడ వాళ్లది. మొదట్లో ఎవరూ నోరు మెదపలేదు. వత్తి కొడిగట్టగానే అందరూ ఒక్కసారి అరిచారు, ముందు పాడింది నేనంటే నేనని తగవుపడ్డారు. అక్కడే ఉన్న నౌకాదళ అధికారి శామ్యూల్ పెపీస్ ఒక సంగతి గమనించి డైరీలో రాసుకున్నాడు. ఒక మనిషి మాత్రం ఎప్పుడూ సరిగ్గా చివర్లో పాడి సరుకు దక్కించుకుంటున్నాడు. ఎలాగని అడిగితే, దీపం ఆరే క్షణంలో పొగ కిందికి దిగుతుందని, అది చూసే తాను పాడతానని చెప్పాడు.

ఆన్‌లైన్ వేలాల్లో ఆఖరి సెకన్లలో బిడ్ వేసే సాఫ్ట్‌వేర్‌కు మూలపురుషుడు ఆ పేరు తెలియని మనిషే.

కొవ్వొత్తి వేలం ఆ రోజుల్లో వింతేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ తన సరుకును లండన్‌లో ఇలాగే అమ్మేది. తూర్పు దేశాల నుంచి వచ్చిన సరుకును బహిరంగంగా, కొవ్వొత్తి పెట్టే అమ్మాలని 1698లో ఇంగ్లండ్ చట్టమే చెప్పింది. కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. అక్కడి సాలెలు నేసిన, అద్దకంవాళ్లు రంగులద్దిన బట్టల ధర సముద్రం అవతల ఇలాంటి వేలాల్లో తేలింది. ఇంగ్లండ్‌లోని ఆల్డర్‌మాస్టన్ గ్రామంలో ఈ ఆచారం ఇంకా బతికే ఉంది. మూడేళ్లకోసారి ఒక పొలం కౌలుకు పాట పెడతారు. కొవ్వొత్తికి మేకు గుచ్చి, అది ఊడి పడేదాకా పాట సాగనిస్తారు.

తర్వాతి కాలంలో కొవ్వొత్తి స్థానంలోకి సుత్తి వచ్చింది. 1744లో సోథెబీస్, 1766లో క్రిస్టీస్ వేలం సంస్థలు మొదలయ్యాయి. సుత్తి పాటకు ముందే రాసిపెట్టిన గడువు లేదు. పాడేవాళ్లు ఉన్నంతసేపూ పాట ఆగదు. మన ఊళ్లలో చెరువు చేపలకూ, వినాయకుడి లడ్డూకూ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలిచే పద్ధతీ అదే. మూడోసారి అనేలోపు ఎవరైనా పెంచితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అక్కడ పొంచి ఉండి లాభం లేదు, ఎదుటివాడికి బదులు పాడే వ్యవధి ఎప్పుడూ దొరుకుతుంది.

పొంచి ఉండేవాడికి మళ్లీ చోటిచ్చింది ఇంటర్నెట్. 1995 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ ఆక్షన్‌వెబ్ ప్రారంభించాడు. 1997లో అది ఈబేగా మారింది. అక్కడ పాట పిలిచే మనిషి లేడు, గడియారం ఉంది. చెప్పిన సెకనుకు వేలం ముగిసిపోతుంది.

నిజానికి ఈబే పద్ధతిలో తొందరపడాల్సిన పని లేదు. కొనేవాడు తాను ఇవ్వగల గరిష్ఠ ధర ముందే రాసి పెడితే, అవసరమైనంత మేరకే సైట్ అతని తరఫున పెంచుకుంటూ పోతుంది. మీరు 100 డాలర్లు రాసినా, ఎదుటివాళ్ల హద్దు 60 డాలర్లే అయితే, ఆ 60కి ఒక మెట్టు పైన మీరు గెలుస్తారు. కానీ మనుషులు అలా హద్దు రాసి ఊరుకోరు. తమను ఎవరో దాటారని తెలియగానే మళ్లీ పెంచుతారు. పాత వస్తువుల విలువ ఎరిగిన నిపుణుడు ముందే పాడితే, ఆ పాట చూసే ఇతరులు వస్తువు అసలుదని గ్రహిస్తారు. అమ్మేవాడే దొంగ పేరుతో ధర ఎగదోసే ప్రమాదమూ ఉంది. చివరి క్షణం దాకా మౌనంగా ఉంటే ఈ మూడూ తప్పుతాయి.

అందుకే జనం గడియారం చూసుకుంటూ కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. నిద్రపోయే వేళ ముగిసే వేలాలకు మనిషి చాలడు గనక యంత్రం వచ్చింది. ఈస్నైప్ సేవ 1999లో మొదలైంది. ఆక్షన్ స్నైపర్, జేబిడ్‌వాచర్, గిక్సెన్ లాంటివీ వచ్చాయి. ఖాతా పాస్‌వర్డ్, గరిష్ఠ ధర అప్పగిస్తే, ముగింపుకు కొన్ని సెకన్ల ముందు అవే బిడ్ పంపుతాయి. కనెక్షన్ నెమ్మదిస్తే బిడ్ చేరదు, ఆ ముప్పు కొనేవాడిదే. ఓడినవాళ్లు ఇది అన్యాయమన్నారు. ఈబే మాత్రం ఆఖరి క్షణపు బిడ్‌ను తప్పుపట్టలేదు.

తప్పు మనిషిలో ఉందా, నియమంలో ఉందా? ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో దీనికి జవాబు చూపించారు. 1999లో వేలాలు మొదలుపెట్టిన అమెజాన్, చివరి పది నిమిషాల్లో బిడ్ పడితే గడువు పొడిగించేది. వాళ్లు పరిశీలించిన ఈబే పురాతన వస్తువుల వేలాల్లో 59 శాతం, కంప్యూటర్ల వేలాల్లో 40 శాతం చివరి ఐదు నిమిషాల్లోనే ఆఖరి బిడ్ అందుకున్నాయి. అమెజాన్‌లో అలాంటివి దాదాపు 3 శాతమే. పైగా అనుభవం పెరిగేకొద్దీ ఈబే కొనుగోలుదారులు ఇంకా ఆలస్యంగా పాడారు, అమెజాన్‌లో ఇంకా ముందుగా పాడారు. మనుషుల స్వభావం రెండుచోట్లా ఒకటే. ప్రధానంగా మారింది ముగింపు నియమం. ఆలస్యపు పాటను అనైతికమని తిట్టేవాళ్లు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

అమెజాన్ వేలాలు కొన్నేళ్లకే కనుమరుగయ్యాయి. ఈబే తన గడియారాన్ని మార్చలేదు. పొడిగింపు నియమం మాత్రం మన దేశంలో బలంగా వేళ్లూనుకుంది. బ్యాంకులు జప్తు చేసిన ఇళ్లనూ స్థలాలనూ అమ్మే ఈ-వేలాల్లో, ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే వేలాల్లో చివరి నిమిషాల్లో బిడ్ పడితే గడువు ముందుకు జరగడం మామూలు. 2023 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటిన వేలం నడిచింది ఎంఎస్‌టీసీ వేదిక మీదే. ప్రజల భూమి ధర ఎవరి ఇంటర్నెట్ వేగం మీదా ఆధారపడకూడదు. అందుకే వేలం ప్రకటనలో ఆస్తి కొలతలు, ధరావతు సొమ్ముతోపాటు గడువు ఎన్ని నిమిషాలు పొడిగిస్తారో కూడా చదివి బరిలోకి దిగాలి.