ముత్యాల స్థానంలో పింగ్‌పాంగ్ బంతులు

1967 ఏప్రిల్ 10. బీజింగ్‌లో ఇప్పుడిప్పుడే తెల్లవారుతోంది. సింగ్‌హువా విశ్వవిద్యాలయంలో ఒక గదిలో, గోడకి వీపు ఆనించి నిలబడ్డారు మీరు. గది నిండా విద్యార్థులు. సాంస్కృతిక విప్లవం రోజులవి, చేతులకి ఎర్రపట్టీలు. వాళ్ల మధ్య 45 ఏళ్ల ఆడమనిషి ఒంటరిగా ఉంది. చైనా దేశాధ్యక్షుడు ల్యూ షావోచీ భార్య వాంగ్ గ్వాంగ్‌మేయ్. పేరుకి ఆయన ఇంకా దేశాధ్యక్షుడే.

ఒకడు ఆమె ముందుకి ఒక పట్టు చిపావో విసిరాడు. మెడ దాకా గుండీలు, పక్కన చీలిక ఉన్న బిగుతు దుస్తులవి. నాలుగేళ్ల కిందట ఇండోనేషియాలో వేసుకున్నావుగా, ఇప్పుడూ వేసుకో అంటున్నారు. వేసుకోనని ఆమె జవాబు. అది వేసవి బట్ట, ఈ చలిలో ఎలా వేసుకునేది అని అడుగుతోంది. బూర్జువాల వేసవి బట్టలూ చలి బట్టలూ మాకు తెలియవని వాళ్లు అరిచారు. నా ఒంటి మీద చెయ్యి వేసే హక్కు మీకు లేదని ఆమె అంటే గది గొల్లుమంది. పది నిమిషాలు గడువిచ్చారు.

ఆమె గొంతు వినండి. ఏడుపు లేదు, బతిమాలడమూ లేదు. అడిగిన ప్రతి మాటకీ లెక్క చెబుతోంది. విదేశాలకి వెళ్లేముందు నగలు పెట్టుకోవద్దని పార్టీ అధినేత మావో భార్య జియాంగ్ చింగ్ హెచ్చరించిందా లేదా అని నిలదీశారు. ఆమె చెప్పింది పిన్ను గురించి, హారం సంగతి ఎత్తలేదు, అయినా రెండూ ఒకటే అనుకోండి అంటూ వాంగ్ గ్వాంగ్‌మేయ్ సరిదిద్దింది. నన్ను ఈ గదిలో కట్టిపడేసేది ఈ సవరణే. చుట్టూ కేకలు, పది నిమిషాల్లో ఏం చేస్తారో తెలియని భయం. అంతటి భయంలోనూ పిన్నుకీ హారానికీ తేడా చెప్పాలన్న పట్టుదల. ఈమె 1945లో ఫూజెన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న మనిషి. పైచదువుకి అమెరికా వెళ్లగలిగి ఉండి కూడా, 1946లో కమ్యూనిస్టుల పక్షాన దుబాసీ పనికి చేరి, ఆ ఏడే యెనాన్ కొండల్లోకి వెళ్లిపోయింది. పరిశోధనశాల వదిలినా కొలత తప్పని అలవాటు ఆమెను వదల్లేదు.

గడువు అయిపోయింది. నలుగురైదుగురు పట్టుకుని ఆ చిపావోను ఒంటి మీదికి లాగారు. ఇప్పుడది సరిపోవడం లేదు, కుట్లు బిగుసుకుంటున్నాయి. పట్టు మేజోళ్లు, ఎత్తుమడమల చెప్పులు, గడ్డి టోపీ. చివరగా మెడలో దండ. ముత్యాలకి బదులు పింగ్‌పాంగ్ బంతులు గుచ్చి తయారుచేశారు.

బయటికి రండి. ప్రధాన భవనం ముందున్న మైదానంలో మీ చూపు ఆనినంత మేరా జనమే. మూడు లక్షల మంది అని లెక్క వేశారు. వేదిక మీద ఆమె ఒక్కతే లేదు. నిన్నటిదాకా దేశాన్ని నడిపిన పెంగ్ జెన్, లూ దింగ్‌యీ, బో ఈబో తలలు వంచి వరసగా నిలబడ్డారు. కాని కళ్లన్నీ ఆ బంతుల దండ మీదే. మగవాళ్లని నిలదీయడానికి వాళ్ల రాజకీయాలు సరిపోయాయి. ఆమెను నిలదీయడానికి మాత్రం బట్టలూ నగలూ కావలసివచ్చాయి. దేశాధ్యక్షుణ్ణి కూలదొయ్యాలి కాబట్టి ఆయన ఇల్లాలి ఒంటిని మూడు లక్షల మంది ముందు బొమ్మను చేశారు. ఆ దృశ్యం ఫొటోల్లో నేటికీ ఉంది. చూసిన ప్రతిసారీ నాకు ఆ అన్యాయం కొత్తగానే ఉంటుంది.

ఆ బట్ట అసలు సందర్భం ఇది. 1963 ఏప్రిల్. జకార్తాలో ఎండ మండిపోతోంది. కమ్యూనిస్టు విప్లవం తర్వాత చైనా దేశాధినేత సోషలిస్టు శిబిరం బయటి దేశాలకు సతీసమేతంగా వెళ్లడమే వింత. అధ్యక్షుడు సుకర్నో ఆతిథ్యం, విందులు, పూలదండలు. అక్కణ్నించి బర్మా, కంబోడియా, ఉత్తర వియత్నాం. దేశం తరఫున వెళ్లిన మనిషి దేశపు దుస్తుల్లో, మెడలో ఒక హారంతో కనిపించింది. చేసింది అంతే. ఆ న్యూస్‌రీళ్లు చైనా సినిమా హాళ్లలో ఆడాయి. తను ఎన్నడూ నిలబడని చోట మరో స్త్రీ నిలబడటం జియాంగ్ చింగ్ మరిచిపోలేదు.

ఈ మైదానంలో నిలబడ్డప్పుడు ఇంకో నిజం కూడా తలచుకోవాలి. పది నెలల ముందు, 1966 వేసవిలో, ఇదే ప్రాంగణానికి ఆమె పార్టీ పంపిన కార్యబృందంలో సభ్యురాలిగా వచ్చింది. ఎదురుతిరిగిన క్వాయ్ దాఫు అనే విద్యార్థిని ఆ బృందం విప్లవద్రోహిగా ముద్రవేసి 18 రోజులు నిర్బంధించింది. ఇవాళ ఈ సభ నడిపిస్తున్నది ఆ క్వాయ్ దాఫే. అంతకుముందు 1963 చివర హెబెయ్‌లోని తావోయువాన్ పల్లెకు మారుపేరుతో వెళ్లి, నెలల తరబడి ఉండి, స్థానిక కార్యకర్తల మీద విచారణలు నడిపింది. ఆ విచారణల్లో నలిగిన పల్లెటూరి మనుషులూ ఉన్నారు. ఏ యంత్రం ఆమెను నలిపిందో దాని చక్రాన్ని ఆమె కూడా కొంతకాలం తిప్పింది. ఇది దాచిపెడితే ఆమె కథను సగమే చెప్పినట్టవుతుంది. కాని ఆ తప్పులకి ఇది శిక్ష అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పింగ్‌పాంగ్ బంతులు ఏ తప్పుకీ శిక్ష కావు.

ఈ విద్యార్థుల పగ ఆమె ఇంటి గడప దాకా ఎప్పుడో వచ్చింది. 1967 జనవరి 6న, నాయకులు నివసించే జోంగ్‌నాన్‌హాయ్ ఆవరణలో ఫోను మోగింది. కూతురు పింగ్‌పింగ్ రోడ్డు ప్రమాదంలో పడింది, కాలు తీసేయాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడ ఎదురొచ్చింది సింగ్‌హువా విద్యార్థులు. కూతురి కాలికి ఏమీ కాలేదు, ఆ ఆవరణ గోడలు దాటించి తల్లిని బయటికి రప్పించడానికి అల్లిన అబద్ధమది. ల్యూను పోనిచ్చారు, ఆమెను పట్టుకుపోయారు. ప్రధాని చౌ ఎన్‌లై కలగజేసుకుంటేగాని ఆ రాత్రి వదల్లేదు.

ఆగస్టు 5కి రండి. ఇప్పుడు మీరు ఆ ఇంటి ఆవరణలోనే ఉన్నారు. మండే ఎండ. దంపతులిద్దర్నీ వేరువేరుగా ఈడ్చుకొచ్చి, తలలు వంచి, చేతులు వెనక్కి విరిచి నిలబెట్టారు. దెబ్బలకి ఆయన ముఖం కమిలింది. పిల్లల్ని తెచ్చి చూడమన్నారు. చిన్నది షియావోషియావోకి ఆరేళ్లు. ఉన్నట్టుండి వాంగ్ గ్వాంగ్‌మేయ్ పట్టు విడిపించుకుంది. దూకి భర్త చెయ్యి పట్టుకుంది. తన్నులు పడుతున్నా ఇద్దరూ చేతులు వదల్లేదు.

1948 ఆగస్టులో షీబైపో పల్లెలో పెళ్లాడిన ఆ ఇద్దరూ ఒకరినొకరు తాకింది అదే ఆఖరు.

ఆ తర్వాత ఆమెకు చిన్‌చెంగ్ జైలు. బయట జరిగేదేదీ ఆమెకు చెప్పేవాళ్లు లేరు. 1968 అక్టోబరులో భర్తను పార్టీ నుంచి శాశ్వతంగా వెలివేశారు. మరుసటి ఏడు మంచానపడ్డ ఆ మనిషిని విమానంలో కైఫెంగ్‌కు తరలించారు. 1969 నవంబరు 12న, 71వ పుట్టినరోజుకు 12 రోజుల ముందు ఆయన కన్నుమూశారు. మారుపేరుతో, ఉద్యోగం లేని మనిషిగా నమోదుచేసి దహనం చేశారు. ఆయన భార్య అప్పుడు అమెరికా గూఢచారి అన్న నేరం మోస్తోంది. ఆ నేరానికి సాక్ష్యం పుట్టించడానికి, ఆమెతో పరిచయం ఉందన్న పాపానికి, జబ్బుపడిన వృద్ధ ఆచార్యుల్ని మంచం మీదే విచారించారు. ఇద్దరు ఆ విచారణల్లోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పట్టు బట్టలేసుకున్న దేశాధ్యక్షుడి భార్య అందరికీ గుర్తుంది. ఈ ఆచార్యుల్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

1972 ఆగస్టు. తల్లిదండ్రుల్ని చూడనివ్వమని పిల్లలు మావోకు రాసుకున్నారు. తండ్రి పోయాడు, తల్లిని చూడొచ్చు అని కబురొచ్చింది. జైలు గదిలోకి ఆమె వచ్చింది. బక్కచిక్కిన ఒళ్లు, తెల్లబడ్డ జుట్టు, నిటారుగా నిలబడలేని నడుము. తల్లిని పోల్చుకోవడానికే పిల్లలకు కష్టమైంది. భర్త లేడన్న సంగతి ఆమెకు తెలిసింది ఆ ఏడాదే, ఆయన పోయిన మూడేళ్లకు. ఆమె కన్నతల్లి కూడా జైల్లోనే చనిపోయింది.

1978 డిసెంబరులో విడుదల. అప్పటికి ఆమెకు 57 ఏళ్లు, జైల్లో గడిచినవి 11. 1980 ఫిబ్రవరిలో పార్టీ ల్యూ మీద మోపినవన్నీ అబద్ధాలని ప్రకటించింది. మే 17న సంతాపసభలో పార్టీ అగ్రనేత దెంగ్ షియావోపింగ్ మాట్లాడారు. రెండు రోజుల తర్వాత చింగ్‌దావో దగ్గర నౌకాదళ ఓడ మీద నుంచి ఆమె, పిల్లలు కలిసి ఆయన కోరుకున్నట్టే చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు.

ఆ ఏడు నవంబరులో బీజింగ్ ప్రత్యేక న్యాయస్థానంలో కూర్చోండి. బోనులో, మావో పోయాక అరెస్టయిన జియాంగ్ చింగ్. నిందితురాలు కేకలు పెడుతోంది, న్యాయమూర్తుల్ని తిట్టిపోస్తోంది. ప్రేక్షకుల్లో వాంగ్ గ్వాంగ్‌మేయ్ ఉంది. విచారణలో ఆమె మీద గూఢచారి కేసు ఎలా అల్లారో, ఆ ఆచార్యులు ఎలా చనిపోయారో కాగితాలతో సహా బయటికొచ్చింది. ఏప్రిల్ పొద్దున ఆ గదిలో ఆమె ఒంటరిగా అడిగింది ఇదే. ఆరోపణకి ఆధారం చూపించమని.

విడుదలయ్యాక ఆమె సామాజిక శాస్త్రాల అకాడమీలో విదేశీ వ్యవహారాలు చూసింది. 2004లో మావో కూతుళ్లతో కలిసి భోజనానికి కూర్చుంది. దీన్ని క్షమ అనేవాళ్లున్నారు. పార్టీ మీద ఆమెకు చెక్కుచెదరని నమ్మకం ఉండేదనేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమేననుకుంటాను నేను. ఆ రెండో మాట నాకు అర్థం చేసుకోవడానికి కష్టమైనదే అయినా.

1995 నుంచి ఆమె మనసుపెట్టి చేసిన పని మరొకటి. పేద పల్లెల తల్లులకు చిన్న మొత్తాలు అప్పిచ్చి, పందుల పెంపకమో కూరగాయల సాగో మొదలుపెట్టించే ‘సంతోష పథకం’. దానికి డబ్బు చాలక, తల్లి మిగిల్చిన పాత పింగాణీ పాత్రల్నీ దంతపు బొమ్మల్నీ వేలానికి పెట్టింది. 2006 అక్టోబరు 13న, 85 ఏళ్ల వయసులో ఆమె చనిపోయేనాటికి ఆ పథకం చైనాలో ఎన్నో పేద జిల్లాలకు పాకింది.