గోస్తనికి కట్టిన గట్టు: తాటిపూడి జలాశయ చరిత్ర

తూర్పు కనుమలకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఉత్తరాంధ్ర సీమలో వానలు తక్కువ యని చెప్పుటకు వీలులేదు. నైరృతి ఋతుపవనములు కొండలపై బాగుగనే కురియును. ఆపై కార్తికము వరకు తుపానులు కొంత నీటిని తెచ్చును. అయినను కొండకును కడలికిని దూరము స్వల్పమగుటచే వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని మొదలగు నదులు వచ్చిన నీటిని వచ్చినట్లే సముద్రమున కప్పగించును. వరదనాడు గెడ్డలు పొంగి దారులు తెగును. వేసవి వచ్చుసరికి ఆ ఇసుకలోనే చెలమలు త్రవ్వుకొనవలసి వచ్చును. నీటిని నిలుపుకొనుట ఈ సీమవారికి తరతరముల పని యైనది.

ఆ పనికి తొలి గుర్తులు మన చెరువులు. చెరువు క్రింద మడి, గట్టుపై తాటిచెట్లు, గట్టున గ్రామదేవత గుడి - ఇది ఇచ్చటి పల్లె స్వరూపము. విజయనగరమందలి పెద్ద చెరువు ఇందుకు చక్కని నిదర్శనము. బొబ్బిలి యుద్ధము జరిగిన 1757వ సంవత్సరముననే పైడితల్లి అమ్మవారి విగ్రహము ఈ చెరువులో లభించెనని ప్రజల విశ్వాసము. సిరిమానోత్సవము ముగిసిన పిమ్మట తెప్పోత్సవము ఈ నీటిపైననే జరుగును. జలాశయము బ్రతుకుతెరువునకే కాక వేడుకకును తావని మన పెద్దలు ఎన్నడో ఎరిగియుండిరి. చెరువులతో తీరని కొరతను తీర్చుటకై తరువాతి కాలమున నదులకే కట్టలు వేయుట ప్రారంభమైనది. నాగావళిపై తోటపల్లి వద్ద 1908లో నిర్మింపబడిన రెగ్యులేటరు అట్టిది.

గోస్తని వంతు అర్ధ శతాబ్దము దాటిన పిదప వచ్చినది. ఈ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల సున్నపురాతి నడుమ దారి చేసికొని, మైదానమునకు దిగి, భీమునిపట్టణము చెంత సముద్రమున కలియును. గుహపైనున్న రంధ్రమున ఒక ఆవు జారిపడగా, దానిని వెదకుచు వచ్చిన పశువుల కాపరికి లోపల శివలింగము కనబడెనని స్థలకథ. ఆవు పొదుగు అను అర్థము గల గోస్తని యను పేరును ఈ కథతో ముడిపెట్టి చెప్పుదురు.

ఈ పొదుగుపై ఇరువురు బిడ్డలకు ఆశ కలిగినది. ఒకరు గంట్యాడ పరిసరముల రైతులు, రెండవది విశాఖపట్టణము. ఆ నగరమున 1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1941లో ఓడల నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగి, 1948లో 'జల ఉష' యను ఓడ నీటిలోనికి దిగినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వెలసినది. 1951లో లక్షకు కొంచెము మించిన జనసంఖ్య 1971 నాటికి మూడున్నర లక్షలను దాటినది. నగరమునకు చేరువనున్న ముడసర్లోవ వంటి చిన్న జలాశయములు ఇంతమందికి చాలునవి కావు.

అందుచేత 1963లో తాటిపూడి గ్రామమువద్ద గోస్తనికి ఆనకట్ట పని ప్రారంభమై 1968 నాటికి ముగిసినది. అప్పటికి ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1979 జూన్ 1వ తేదీన విజయనగరము జిల్లా ఏర్పడగా, జలాశయము ఒక జిల్లాలోను, దాని నీటిని త్రాగు నగరము మరొక జిల్లాలోను నిలిచినవి. జలాశయపు పూర్తి నీటిమట్టము 297 అడుగులు. 15,378 ఎకరముల సాగునకును, విశాఖ ప్రజల త్రాగునీటికిని ఉపకరించునట్లు సుమారు 3.3 టి.ఎం.సి.ల నీటి వినియోగమును లెక్కించి దీనిని రూపొందించిరి. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఈ నీటినంతయు ఆ ఆయకట్టుపై పరచినచో ఇంచుమించు ఐదడుగుల లోతున నిలుచును. అందులోనుండియే నగరము వంతు పోవలెను.

సరిగా ఆ సంవత్సరములలోనే భూగోళమునకు ఆవలివైపున, కెనడా దేశపు గడ్డిమైదానములలో, ఇట్టి పనియే మిక్కిలి పెద్దయెత్తున జరిగినది. సస్కాచెవాన్ రాష్ట్రమున 1959లో ప్రారంభమై 1967లో ముగిసిన గార్డినర్ ఆనకట్ట డీఫెన్‌బేకర్ సరస్సును సృష్టించినది. చెట్టు కనబడని ఆ బయళ్లలో సరస్సు సేద్యమునకును, పట్టణముల త్రాగునీటికిని, విద్యుత్తునకును ఆధారమైనది. వేసవిలో జనులు పడవలతో, బిడ్డలతో అచ్చట విడిది చేయుదురు. ప్రజలు వేరు, శీతోష్ణములు వేరు; అయినను మనుష్యుడు నీటిని నిలిపినచోట పైరును, దాహమును, వినోదమును ఒకే గట్టున చేరుట రెండు దేశములందును కనబడుచున్నది.

తాటిపూడి యందును అట్లే జరిగినది. చుట్టును కొండలు, నడుమ నిలిచిన నీరు, గట్టుపై గాలి - ఇవి జనులను ఆకర్షించినవి. విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట మీదుగా అరకు పోవు యాత్రికులు దారి మళ్లి ఇచ్చటికి వచ్చుట పరిపాటి యైనది. కార్తిక మాసమున వనభోజనములకు పరిసర గ్రామములవారును బండ్లపై వచ్చుచుండిరి. పిమ్మట పర్యాటక శాఖవారు పడవ విహారమును, బసగృహములను ఏర్పరచిరి.

వేడుకకు వచ్చినవాడు నిండిన నీటినే చూచును. ఆయకట్టు రైతు మాత్రము మట్టమునే చూచును. వానలు వెనుకబడిన ఏట, వరి పొట్టకు వచ్చు వేళ, మట్టము అడుగు తగ్గినను అతని గుండె తగ్గును. నగరమునకు ప్రతిదినము నీరు కావలెను. పైరునకు కావలసిన దినముననే కావలెను. 1987లో ప్రకటింపబడిన జాతీయ జలవిధానము త్రాగునీటికి ప్రథమ స్థానము నొసగెను. దాహము ముందని ఎవరైనను అంగీకరింతురు. అయితే ఆ మాటకు వెల ఎవరు చెల్లింతురో కూడ లెక్కింపవలెను.

లెక్క కష్టమైనది కాదు. ఒక ఎకరముపై ఒక అడుగు లోతున నిలిచిన నీరు సుమారు 12 లక్షల 30 వేల లీటర్లు. వరి పంటకు రమారమి నాలుగడుగుల నీరు వలయును. నగరమున మనిషికి దినమునకు 135 లీటర్లు చొప్పున, ఐదుగురున్న ఇంటికి ఏడాదికి రెండున్నర లక్షల లీటర్లకు కొంచెము తక్కువగా చెల్లును. అనగా ఒక ఎకరపు వరికి పట్టు నీరు ఇరువది కుటుంబములకు ఏడాది పొడవునకు సరిపోవును. పగిలిన గొట్టము నుండి, కట్టని కుళాయి నుండి నగరమున వృథా యగు నీరు గంట్యాడ చేలలో ఎండిన వెన్నుగా కనబడును. అట్లే గట్టు తెంచి అవసరమునకు మించి మడిలో పెట్టుకొన్న నీరు, దిగువనున్న రైతుకును, పట్టణమున బిందె పట్టుకొని నిలిచిన ఇల్లాలికిని లేకుండ పోవును. ఒకరి పొదుపు మరొకరి అన్నము.

జలాశయమునకు ఆయువు కూడ కలదు. కొండలపై అడవి నరికినకొలది వానతో మట్టి దిగి అడుగున చేరును. మట్టి చేరినంత మేర నీటికి చోటు తగ్గును. కాబట్టి అనంతగిరి చెట్టును కాపాడుట తాటిపూడి గట్టును కాపాడుటయే. వనభోజనమునకు వచ్చినవారు ఎంగిలి విస్తళ్లను, ప్లాస్టిక్ సంచులను నీటి యొడ్డున వదలిపోరాదు. అది వేల ఇండ్లవారు త్రాగు నీరు.

శిలాఫలకములపై సంవత్సరములు మిగులును. నీరు నిలిచిన నేలలో మునుపు ఏ పైరు పండెనో, ఏ దారి ఎచ్చటికి పోయెనో, ఏ ఏట తూము మూసిరో, ఏ ఏట గట్టు పొర్లెనో వృద్ధుల జ్ఞాపకమునందు మాత్రమే యుండును. ఒక్కొక్క వృద్ధుడు పోయినకొలది ఆ చరిత్రలో ఒక్కొక్క పుట చిరుగును. గ్రామ గ్రంథాలయములు తమ అలమరలో ఒక లావుపాటి నోటు పుస్తకమునకు చోటిచ్చి, ఊరి చెరువుల పేర్లను, కాలువల దారులను, కరవు వరదల సంవత్సరములను పెద్దల నోట విని వ్రాయించి యుంచవలెను. రేపు నీటి పంపకమున తగవు వచ్చినపుడు ఇరుపక్షములవారును చదివి నమ్మదగిన పుస్తకము అదియే కాగలదు.